స్వదేశాగమనము – మాతృసేవ



మడకశిర సీమ వానకరవు నేల. పూర్వపు అనంతపురము జిల్లాలో సాలుకు సగటున పడు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియును అదనుకు పడదు. వేరుసెనగ విత్తినవాడు మేఘమును చూచుచు, బోరు వేయించినవాడు అప్పుపత్రమును చూచుచు దినములు లెక్కించు చోటిది. కనుకనే మన బిడ్డలు బెంగుళూరునకు పోవుచున్నారు. రాయలసీమలో పెక్కు కుటుంబములవారు సముద్రము దాటి కువైటునకును పోవుచున్నారు. పోవుటను గూర్చి మనము చాల మాటాడుదుము. తిరిగివచ్చి తల్లిదండ్రుల యెదుట నిలుచుటను గూర్చి శరణధర్మమేమి చెప్పుచున్నదో విచారింపము.

శరణునకు ఊరేమి, ఇల్లేమి యని కొందరందురు. ఇష్టలింగము ఎదపై నుండగా ఏ దేశమైనను కైలాసమే కదా! బసవేశ్వరుడు బాల్యముననే ఉపనయనమును కాదని బాగేవాడిలోని పుట్టినింటిని విడువలేదా యని ప్రశ్నింతురు. విడిచెను. కాని ఆయన విడిచినది కర్మకాండను, కులగర్వమును, కృతజ్ఞతను కాదు. కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలసంగమమున పెరిగి, సంగమనాథునే తల్లిగాను తండ్రిగాను కొలిచెను. పిదప కల్యాణమున బిజ్జలుని కొలువులో భండారియయ్యెను. 12వ శతాబ్దమున ఆ కల్యాణము కలతపడినపుడు ఆ మహానుభావుడెచ్చటికి పోయెను? మరియొక రాజును వెదకలేదు, మరియొక పదవిని కోరలేదు. సంగమమునకే తిరిగివచ్చి అచ్చటనే లింగైక్యమందెనని సంప్రదాయము చెప్పుచున్నది. భండారమునకు అధికారియైనవాడు ఉత్తచేతులతో తన తల్లిదండ్రుల సన్నిధికి చేరెను. ఉత్తచేతులతో వచ్చుట అవమానము కాదనుటకు ఇంతకన్న నిదర్శనము వలయునా?

ఈ మాట నేటివారికి మిక్కిలి అవసరము. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినపుడు లక్షకు పైబడిన భారతీయులు స్వదేశము చేరవలసివచ్చెను. ఎందరో ఎడారి దాటి జోర్డాను రాజధానియైన అమ్మాను చేరి, అచ్చటినుండి విమానములలో వచ్చిరి. ఏండ్ల కష్టార్జితమును అచ్చటనే వదలి చేతిసంచితో దిగినవారు పెక్కురు. మరల 2018లోను, 2024లోను అకామా గడువు తీరినవారు జరిమానా లేకుండ వెడలిపోవుటకు కువైటు ప్రభుత్వము అవకాశమిచ్చెను. పాస్‌పోర్టు చేత లేనివారు భారత రాయబార కార్యాలయమున ఔట్‌పాసు పొందవచ్చును. ద్వారము తెరచియుండినను, “ఏ మొగముతో ఇంటికి పోవుదును?” అను సంకోచము గడువు దినములను మ్రింగివేయును. ఆ సంకోచమును కలిగించునది ఎవరు? “ఏమి తెచ్చినావు?” అని మొదట అడుగు మనమే.

ధనము బ్యాంకుద్వారా వచ్చును. మాట ఫోనులో వచ్చును. కాని చేయి మాత్రము మనిషితోనే రావలయును. మన మతమున కరస్థలమునకు గల మహిమ మీరెరుగుదురు. లింగమును నిలుపుకొను అరచేయియే ముదుసలి తల్లికి గంజి త్రాగింపవలయును. అది లింగపూజకు అడ్డు కాదు, దానికి కొనసాగింపు. ప్రేమతో చేసినది కాయకము. ప్రతిఫలము కోరక అర్పించినది దాసోహము.

13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదలో రచించిన బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. దీనినే భీమకవి 1369లో కన్నడించెను. రెండు భాషల నడుమ నున్న మన సీమకు ఇది ఉభయుల సొత్తు. శివునకు తల్లి లేదని ఆ యమ్మ దుఃఖించెను. తల్లియున్నచో విషము త్రాగనిచ్చునా, పాములను తాల్పనిచ్చునా, బిచ్చమెత్తనిచ్చునా యని తలపోసి తానే తల్లియయ్యెను. లింగమూర్తికి తలంటి నీళ్లు పోసెను, కాటుక పెట్టెను, పాలు పట్టెను. కనకయే ఆమె తల్లి యయ్యెను, చేతులతో చేసిన సేవవలన.

ఈ కథ మన ఇండ్లలో మరియొక విధముగ పనికివచ్చుచున్నది. పెక్కు సంసారములలో పరదేశము పోవునది కొడుకు కాదు, తల్లి. పరుల బిడ్డలకు స్నానము చేయించి, అన్నము వండి, ఏండ్ల పిదప ఆమె ఇల్లు చేరునప్పటికి తన బిడ్డ అవ్వ కొంగుచాటున దాగును. ఆ తల్లి కుమిలిపోరాదు. బిడ్డను గద్దింపరాదు. బెజ్జమహాదేవి వలె మొదటినుండి తల్లితనమును సంపాదించుకొనవలయును. దినమున కొక ముద్ద, దినమున కొక జడ. పెంచిన అవ్వయు “నా బిడ్డ” యని పట్టుకొనక, మెల్లగా ఆ చేతిని తల్లి చేతికి అందింపవలయును. అదియును దాసోహమే.

ఒకవేళ బిడ్డ వచ్చునప్పటికే తల్లి లింగైక్యమందియుండిన నేమి? సమాధికడ విభూతి ధరించి శరణనవచ్చును. పిదప ఆ వీధిలోనే, బిడ్డల రాకకై ఎదురుచూచు ముదుసలి యొకరు తప్పక యుందురు. అమ్మకు చేయదలచిన సేవను అచ్చట చేయుడు.

మఠములకు ఒక విన్నపము. తిరిగివచ్చిన బిడ్డను మొదట పంక్తిలో కూర్చుండబెట్టి ప్రసాదము పెట్టుడు. లెక్కలు తరువాత అడుగవచ్చును, అడుగకున్నను మేలే. వచ్చినవానికి ఊరిలో కాయకము చూపుట, అప్పులవారితో వాయిదా మాటాడుట, పరదేశమున చిక్కిన వారి కాగితములు వ్రాసిపెట్టుట సంఘము చేయదగిన పనులు.

కూడలసంగమదేవుడు దూరమున నున్న బిడ్డలకు దారిని, ఇంటనున్న పెద్దలకు ఓపికను అనుగ్రహించుగాక.