కాగితం లేని చోట

1977లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ బయటపెట్టాల్సి వచ్చిన సుమారు 20 వేల పత్రాల్లో ఎక్కువ భాగం జమాఖర్చుల కాగితాలే. ఏ ఆస్పత్రికి ఎంత వెళ్లింది, ఏ విశ్వవిద్యాలయానికి ఎంత ముట్టింది, అంతవరకే. మందులతో, షాకులతో మనిషి మనసును లొంగదీయవచ్చా అని 1953 నుంచి సాగించిన ‘ఎంకే అల్ట్రా’ ప్రయోగాల ఫైళ్లను అప్పటి డైరెక్టర్ రిచర్డ్ హెల్మ్స్ 1973లోనే నాశనం చేయించాడు. ఖర్చుల లెక్కలు వేరే చోట ఉండబట్టి బతికాయి.

ఇంకో వైపు నుంచి ఒక అధికారి సొంత కాగితాలూ వచ్చాయి. జార్జ్ వైట్ మాదకద్రవ్యాల నిరోధక శాఖ అధికారి. న్యూయార్క్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో సీఐఏ కోసం రహస్యంగా ఇళ్లు నడిపాడు. అక్కడికి వచ్చినవాళ్లకు చెప్పకుండా ఎల్ఎస్‌డీ అనే మత్తుమందు ఇచ్చి, వాళ్లేమైపోతారో చూసేవారు. 1975లో అతను చనిపోయాక భార్య అతని డైరీలను ఒక కాలేజీ మ్యూజియానికి ఇచ్చేసింది.

ఆ లెక్కలు, ఆ డైరీలు దొరక్కపోయి ఉంటే? ‘సర్కారు నామీద మందు ప్రయోగించింది’ అన్న మనిషిని పిచ్చివాడనేవాళ్లం. మాంట్రియల్‌లోని అలన్ మెమోరియల్ ఆస్పత్రికి దిగులు తగ్గించుకోవడానికి వెళ్లినవాళ్లకు డాక్టర్ యూవెన్ కామెరాన్ తీవ్రమైన కరెంటు షాకులు ఇచ్చాడు, రోజుల తరబడి మందులతో నిద్రపుచ్చాడు, ఒకే మాటను టేపు మీద మళ్లీమళ్లీ వినిపించాడు. తమ మీద జరిగినదానికి సీఐఏ డబ్బు అందిందని ఆ రోగులకు అప్పట్లో తెలియదు. బాధపడ్డవాళ్లకు తమ బాధ తాలూకు కారణమే తెలియకుండా చేయడం కంటే పెద్ద దొంగతనం ఏముంటుంది?

అయితే ఒక అబద్ధం రుజువైంది కాబట్టి ఇక ఏ అనుమానమైనా నిజమేనా? ఇక్కడ నేను ఆగిపోతాను. ఫ్రాంక్ ఓల్సన్ సంగతే తీసుకోండి. అమెరికా సైన్యపు జీవాయుధాల పరిశోధనలో పనిచేసిన శాస్త్రవేత్త. 1953 నవంబరులో సీఐఏ వాళ్లు అతని మద్యంలో ఎల్ఎస్‌డీ కలిపారు. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్ హోటల్ కిటికీలోంచి పడి చనిపోయాడు. 22 ఏళ్లకు ఆ మందు సంగతి బయటపడింది. అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్ ఆ కుటుంబాన్ని పిలిపించి క్షమాపణ చెప్పాడు. ఆ తర్వాత 7.5 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చారు. 1994లో శవాన్ని వెలికితీసి చూసిన నిపుణులకు తలమీద మొదటి నివేదికలో లేని గాయం కనిపించింది. తోసేశారా, దూకాడా? కొడుకు ఎరిక్ జీవితమంతా ఆ ప్రశ్నకే సరిపోయింది.

ఎరిక్ అడిగినదీ, కుట్ర కథలు అల్లేవాళ్లు అడిగేదీ ఒకటి కాదు. ఆ కొడుక్కి తండ్రి కావాలి. కథకుడికి పాత్ర కావాలి. కాగితం లేకపోవడాన్నే కథకుడు రుజువుగా చూపిస్తాడు, ఖాళీని తనకిష్టమైన దానితో నింపుతాడు, చనిపోయిన మనిషిని మరోసారి వాడుకుంటాడు. అతని మీద నాకు కోపం ఉంది. కానీ ఆ ఖాళీని తయారుచేసింది అతను కాదే! ఫైళ్లు చింపించిన అధికారి నిజాన్ని మాత్రమే చంపలేదు, అబద్ధాన్ని అబద్ధమని తేల్చగలిగే వీలునూ చంపాడు. ఓల్సన్‌ను ఎవరూ తోయలేదన్నదే నిజమైతే, ఆ నిజాన్ని ఇప్పుడు ఏ ప్రభుత్వం ఏ ముఖంతో చెప్పగలదు? అందుకే దస్తావేజుల విధ్వంసాన్ని నేను మొదటి నేరాన్ని కప్పిపుచ్చే పనిగా చూడలేను. అది మరో నేరం, మొదటిదానికంటే ఎక్కువమందిని తాకే నేరం.

1977లో హెల్మ్స్‌కు 2,000 డాలర్ల జరిమానా పడింది. అది చిలీలో సీఐఏ జోక్యం గురించి సెనెట్‌కు నిజం చెప్పనందుకు. ఎంకే అల్ట్రా ఫైళ్లు నాశనం చేయించినందుకు అతను ఏ కోర్టు బోనూ ఎక్కలేదు.