జైనబ్ (రజి) చెప్పిన ఒక్క మాట

"నాకెందుకులే గానీ…" అని మొదలుపెడతాం. "నేను చెప్పానని అనకు గానీ…" అని గొంతు తగ్గిస్తాం. ఎదుటివాళ్లు కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంటారు. అక్కడ లేని మనిషి పరువు ఆ కాసేపట్లోనే పోతుంది. ఐదు పూటలా నమాజు చేసే ఇళ్లలోనూ ఇది జరుగుతుంది. గీబత్ (చాటున చెడు చెప్పడం) ఎంత పెద్ద పాపమో తెలిసిన నోళ్లే ఆ మాటలంటాయి. అందుకే ఈ రోజు, ఒకప్పుడు మదీనాలో నెల్లాళ్లు నడిచిన మాటల్ని తలచుకుందాం.

బనూ ముస్తలిఖ్ తెగ మీదికి వెళ్లిన సేన తిరిగి వస్తోంది. దైవప్రవక్త (స) సతీమణి హజ్రత్ ఆయిషా (రజి) కూడా ఆ ప్రయాణంలో ఉన్నారు. ఒక మజిలీలో రాత్రివేళ కాలకృత్యాలకని దూరంగా వెళ్లి వచ్చాక చూసుకుంటే, మెడలో పూసల హారం లేదు. వెతుక్కుంటూ మళ్లీ వెళ్లారు. ఈలోగా ఆమె లోపలే ఉన్నారనుకుని మనుషులు అంబారీని ఒంటె మీదికి ఎత్తేశారు. ఆమె చిన్న వయసులో ఉన్న సన్నటి మనిషి, బరువులో తేడా ఎవరికీ తెలియలేదు. తిరిగి వచ్చేసరికి విడిది ఖాళీ. నా కోసం వస్తారులే అని అక్కడే కూర్చుని, నిద్రలోకి జారుకున్నారు. సేన వెనకగా వస్తున్న సఫ్వాన్ (రజి) ఆమెను చూసి 'ఇన్నా లిల్లాహ్' అన్నారు. ఒంటెను కూర్చోబెట్టారు, ఆమె ఎక్కాక పగ్గం పట్టుకుని నడిచారు. అంతకు మించి ఆయన తనతో ఒక్క మాటా మాట్లాడలేదని తర్వాత ఆయిషాయే చెప్పారు.

మదీనా చేరాక మాత్రం మాటలకు అంతే లేదు. కపట విశ్వాసి అబ్దుల్లాహ్ బిన్ ఉబై వాళ్లిద్దరికీ సంబంధం అంటగట్టి నిప్పు రాజేశాడు. మంచివాళ్లు కూడా కొందరు ఆ మాటను అందుకుని ముందుకు నడిపించారు. జబ్బుపడి ఇంట్లో ఉన్న ఆయిషాకు ఏమీ తెలియదు. ఒక రాత్రి ఆమెతో బయటికి వెళ్లిన, మిస్తహ్ అనే వ్యక్తి తల్లి కాలికి బట్ట తట్టుకుని తూలి, కన్నకొడుకునే తిట్టింది. "బద్ర్‌లో పోరాడిన మనిషిని అలా అనొచ్చా?" అని ఆయిషా మందలించారు. తన మీద వేసిన నిందను ఊరంతా మోస్తున్నవాళ్లలో ఆ మిస్తహ్ కూడా ఒకడని ఆమెకు అప్పుడే తెలిసింది. ఇక కన్నీళ్లు ఆగలేదు.

ఆ రోజుల్లోనే దైవప్రవక్త (స) తన మరో సతీమణి జైనబ్ బిన్తె జహష్ (రజి)ని ఆయిషా గురించి అడిగారు. ఇక్కడ నెమ్మదిగా ఆగి ఆలోచించాలి. ప్రవక్త సతీమణుల్లో హోదాలో తనకు సాటి వచ్చిన మనిషి జైనబే అని ఆయిషా స్వయంగా ఒప్పుకున్నారు. పైగా హమ్నా తన తోబుట్టువు జైనబ్ పక్షం వహించి ఆ పుకారును వీధుల్లో తిప్పుతోంది. జైనబ్ అబద్ధం చెప్పనక్కర్లేదు. తల వంచుకుని ఊరుకున్నా సరిపోయేది. ఆ ఊరుకోవడమే ఆయిషాను ముంచేది. జైనబ్ అలా ఊరుకోలేదు. తన చెవుల్ని, తన కళ్లను కాపాడుకుంటానని, ఆయిషా గురించి మంచి తప్ప తనకేమీ తెలియదని అల్లాహ్ మీద ప్రమాణం చేసి చెప్పారు. విననిది విన్నానని, చూడనిది చూశానని అనలేదు.

తర్వాత నూర్ సూరా వాక్యాలు అవతరించి ఆయిషా నిర్దోషిత్వాన్ని లోకానికి చాటాయి. ఆ మాట విన్నప్పుడే మీరు మంచిగా ఎందుకు తలచలేదని, ఇలాంటిది పలకడం మాకు తగదని ఎందుకు అనలేదని అల్లాహ్ విశ్వాసుల్ని నిలదీశాడు. ఆ వాక్యాలు దిగకముందే జైనబ్ జవాబు వాటికి తగినట్టే ఉంది. నాకు ఈ ఘట్టం చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

ఇస్లాంలో నోరు మూసుకోవడమే ఆరాధన కాదు. ఎండలో నిలబడతాను, నీడకు పోను, ఎవరితోనూ మాట్లాడను, ఉపవాసం ఉంటాను అని మొక్కుకున్న అబూ ఇస్రాయీల్ అనే ఆయన్ని చూసి, మాట్లాడమని, నీడలో కూర్చోమని, ఉపవాసం మాత్రం పూర్తి చేయమని దైవప్రవక్త (స) కబురు చేశారు. మాట్లాడితే మంచే మాట్లాడాలి, లేదంటే ఊరుకోవాలి అన్నది ఆయన బోధ. ఇందులో మొదటి సగాన్ని మనం తరచూ వదిలేస్తాం. పక్కింటి కోడలి గురించి నలుగురూ అంటుంటే మాట కలపకుండా కూర్చుని, నేనేమీ అనలేదు కదా అని సరిపెట్టుకుంటాం. ఆ అమ్మాయి మంచితనం తెలిసినవాళ్లు ఆ గదిలో మనం ఒక్కరమే కావచ్చు.

ఈ రోజు ఫోన్‌లో ఎవరి గురించో ఒక మెసేజ్ వస్తుంది. దాన్ని పదిమందికి పంపడానికి నోరు మెదపనక్కర్లేదు, బొటనవేలు చాలు. విన్నదల్లా చెప్పేయడమే మనిషిని అబద్ధాలకోరును చేయడానికి సరిపోతుందని దైవప్రవక్త (స) చేసిన హెచ్చరిక ఆ వేలికీ వర్తిస్తుంది. మెసేజ్ పంపినవాళ్లు మనవాళ్లే అయితే, "నేను ఆయనలో మంచే చూశాను" అని ఒక్క వాక్యం తిరిగి రాయండి.

యా అల్లాహ్, మాకు గిట్టనివాళ్ల గురించి మమ్మల్ని అడిగినప్పుడు, వాళ్లలో మేం ఎరిగిన మంచిని దాచకుండా చెప్పే ధైర్యాన్ని మా నాలుకలకు ప్రసాదించు. ఆమీన్.