కూడలి తెర యెవరిది?

నగరముల నడిబొడ్డున, నాలుగు బాటలు కలియు చోట, మేడగోడ యంత వెడల్పున వెలుగు తెరలు నిలుపుట యిటీవలి కాలపు వేడుక. పగలనక రేయియనక యవి వెలుగుచునే యుండును. వానిమీద నగలు, పట్టుచీరలు, కట్టబోవు మేడలు, కళాశాలల ర్యాంకులు, నడుమ నొక నాయకుని జన్మదిన శుభాకాంక్షలు వచ్చి పోవుచుండును. ఆ దారిని బోవువా రెవ్వరును దానిని కోరియుండలేదు. ఐనను చూడక తప్పదు. ఇట్టి తెరకగు వ్యయము ప్రజాధనమునుండి పెట్టవలెనా, వ్యాపార ప్రకటనలనుండి రాబట్టవలెనా యను ప్రశ్న పైకి జమాఖర్చుల ప్రశ్నవలెనే కానవచ్చును. మాకు మాత్రము అది ధర్మప్రశ్నగా దోచుచున్నది.

పత్రికలో ప్రకటన యున్నచో పుట త్రిప్పవచ్చును. ఇంటి టెలివిజనులో వచ్చినచో ఆపివేయవచ్చును. (మా యింట ఆ పని చేయువారిలో పిల్లలకంటె పెద్దలే తక్కువ యని యొప్పుకొనుచున్నాము.) కూడలియం దట్టి స్వేచ్ఛ లేదు. కన్నులు మూసికొని బాట దాటుట ప్రాణాపాయము గదా! కావున కూడలి తెరమీద ప్రకటన వేయించు వ్యాపారి కొనునది తెరను గాదు, దారిన బోవువారి చూపును. దాని నమ్మునది పురపాలక సంఘము. తనది కాని సరకు నమ్ముటకు సంఘమున కధికార మెట్లు వచ్చినది?

దీనికి ప్రతిపక్షులు చెప్పు సమాధానము తేలికగా త్రోసివేయదగినది కాదు. నగరములో మురుగుకాలువలు పూడియున్నవి, బడుల పైకప్పులు కారుచున్నవి; ఇట్టిచోట పన్నుల సొమ్ము బొమ్మల తెరకు పోయనేల, కలవాడైన వ్యాపారియే దాని భారమును మోయనిండు అని వారి వాదము. ఆ మాటలో దయ యున్నది గాని, లెక్క సగమే యున్నది. వ్యాపారి ప్రకటనకు పెట్టిన సొమ్ము సబ్బుబిళ్ల ధరలోనికి తిరిగి వచ్చును. ఆ సబ్బును కొను కూలి యిల్లాలు తానొక తెరకు చందా యిచ్చుచున్నానని యెరుగదు. పన్ను విషయమున ఆమె వార్డు సభ్యుని నిలదీసి యడుగవచ్చును. సబ్బు విషయమున నడుగుట కెవ్వరును లేరు. ఇక కాలువలు బాగుపడకముందే తెరలేల యందురా, మేమును మీ పక్షమే. అట్టి యూరికి తెర యక్కరలేదు. అక్కరలేని వస్తువును ఉచితముగా వచ్చుచున్నదని యింటికి దెచ్చుకొనుట గృహస్థునకు దగని పని. సంఘమునకు మాత్ర మెట్లు తగును?

అసలు ఇట్టి తెరవలన మేలేమైన కలదా? కలదు. దానిని చూపుటకు ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమును దలచుకొనవలెను. అచట యారా నది యొడ్డున, ప్రధానమైన రైలుస్టేషనున కెదురుగా, ఫెడరేషన్ స్క్వేర్ అను విశాలమైన రాతిపరపు ప్రాంగణము కలదు. అది 2002లో ప్రజలకు దెరువబడినది. దానియం దొక పెద్ద వెలుగు తెర యున్నది. 2008 ఫిబ్రవరి 13వ తేదీన ఆ దేశపు ప్రధానమంత్రి కెవిన్ రడ్, కాన్బెర్రాలోని పార్లమెంటులో లేచి, ఆదిమవాసుల కుటుంబములను జాతి పక్షమున క్షమాపణము కోరెను. సుమారు 1910 మొదలు 1970 వరకు అధికారులును మతసంస్థలును ఆ కుటుంబముల బిడ్డలను తల్లుల యొడినుండి లాగికొని పోయి, పరుల యిండ్లలోను ఆశ్రమములలోను పెంచిరి. అట్లు పోగొట్టుకొనబడిన తరములకు చెప్పిన క్షమాపణ మది. ఆ యుదయమున మెల్బోర్నులో వేలకొలది జనులు ఆ ప్రాంగణమునకు వచ్చి, తెర యెదుట నిలిచి, దానిని వినిరి.

ఆ ప్రసంగమును వా రిండ్లలోనే కూర్చుండి చూడవచ్చునే! చూడక యేల వచ్చిరి? మేము దీనిని గూర్చి పలుమారు తలపోసితిమి. సంతోషమును ఒంటరిగా ననుభవింపవచ్చును, దుఃఖమును గూడ ననుభవింపవచ్చును. ఒక జాతి చేసిన తప్పునకు సిగ్గుపడుట మాత్రము ఒంటరిగా సాగదు. దానికి ప్రక్కన నిలుచువాడు కావలెను. వాడెవడో తెలియనివా డైనచో మరియు మేలు. బిడ్డలను పోగొట్టుకొన్న వంశమువారును, లాగికొన్న ప్రభుత్వమునకు వోటు వేసిన వంశమువారును ఒకే తెరవైపు తలలెత్తి నిలుచుట యింటిలో జరుగు పని కాదు. అట్టి ప్రసంగము ముగిసిన మరుక్షణమున అదే తెరమీద ఒక కొత్త మోటారుకారు పరుగెత్తుకొని వచ్చినదని యూహింపుడు. ఏ చట్టమును ఉల్లంఘింపబడలేదు, ఎవరికిని గాయము తగులలేదు. ఐనను, అచట నిలిచినవా రంతవరకు పౌరులై యుండి, అంతలోనే కొనుగోలుదారులైపోవుదురు. మా యాక్షేప మంతయు ఈ మార్పులోనే యున్నది.

ఆ ప్రాంగణపు తరువాతి కథ మరియొక పాఠము. దానిని నడపినది రాష్ట్ర ప్రభుత్వపు సొంత సంస్థయే. కాని అది తన కూడు తానే సంపాదించుకొనవలెనని యేర్పాటు. అంగళ్ల యద్దెలు, వాహనములు నిలుపు రుసుములు, సభలకును వేడుకలకును స్థల మిచ్చిన సొమ్ము దానికి జీవనాధారము. 2017 డిసెంబరులో అచటి భవనముల నొకదానిని పడగొట్టి యాపిల్ సంస్థవారి విక్రయశాలను గట్టింతుమని ప్రభుత్వము ప్రకటించెను. నగరవాసులు తిరుగబడిరి. 2019లో వారసత్వ రక్షణశాఖ పడగొట్టుట కనుమతి నిరాకరింపగా, ఆ యత్నము విడువబడెను. అమ్మకమునకు పెట్టబడిన స్థలమును కొనజూచిన వర్తకు నేమని నిందింతుము? బిడ్డను కని, నీ కూడు నీవే తెచ్చుకొమ్మని వీధిలో విడిచిన తండ్రివంటిది ఆ ప్రభుత్వము.

బ్రిటనులో నింకొక మార్గము నడచినది. ఆ దేశపు బి.బి.సి. సంస్థ లైసెన్సు రుసుముతో బ్రతుకుచు, ఇంటి ప్రసారములలో వ్యాపార ప్రకటనలకు చోటియ్యనిది. ఆ సంస్థయే 2003లో మాంచెస్టరు నగరపు కూడలిలో నొక పెద్ద తెరను నెలకొల్పి, పిమ్మట పురపాలక సంఘములతో గూడి ఇతర నగరములలోను నిలిపెను. 2012 లండను ఒలింపిక్ క్రీడల నాటికి అవి యిరువదికి మించెను. ఆ మరుసటి యేడే బి.బి.సి. ఆ పనినుండి తప్పుకొనెను. తెరల భారము ఆయా నగరములపై బడెను. ఏనుగును కొనుట యొకనాటి యుత్సాహము, మేత వేయుట నిత్యపు పని. ప్రజాధనమే శరణ్యమనువారు ఆ నిత్యపు పనిని మరచుచున్నారు; మరచిననాడు గుమ్మములో ప్రకటనల గుత్తేదారు సిద్ధముగా నుండును.

ఇచట మా వాదమునకే గుచ్చుకొను ముల్లొకటి కలదు; దానిని దాచుట న్యాయము కాదు. సిడ్నీ నగరపు ఒపేరా భవనము జగత్ప్రసిద్ధము. 2018 అక్టోబరులో దాని తెల్లని గుల్లలవంటి కప్పుమీద ఒక గుఱ్ఱపు పందెపు ప్రచారమును దీపకాంతితో చిత్రింపవలెనని రాష్ట్ర ప్రభుత్వము పట్టుబట్టెను. భవనాధికారిణి పందెగాండ్ర రంగులకు ఒప్పుకొనెను గాని ప్రచారచిహ్నముల కొప్పుకొనలేదు; ఆమె మాట చెల్లలేదు. మూడు లక్షలకు మించిన జనులు విన్నపముపై చేవ్రాలు చేసిరి. ఆ రాత్రి కొందరు చేతిదీపములను కప్పుమీదికి త్రిప్పి ఆ బొమ్మలను చెరుప జూచిరి. మేమును ఆ రాత్రి అచట నున్నచో దీప మొకటి పట్టియుందుము. కాని ఆ భవనము లేచిన దేసొమ్ముతో? 1973లో ముగిసిన ఆ కట్టడమునకైన 10 కోట్ల 20 లక్షల డాలర్లలో అధికభాగము ప్రభుత్వము నడిపిన లాటరీవలన వచ్చినదే! జూదపు సొమ్ముతో గట్టిన గోడమీద జూదపు ప్రకటన కూడదనుట యెట్టి నీతి?

కొంత తడబడిన పిమ్మట మాకు తోచిన సమాధాన మిది. సొమ్ము ఎచటనుండి వచ్చినదనునది యొక ప్రశ్న. ఇచ్చినవాడు దానికి బదులుగా నేమి కోరుచున్నాడనునది వేరొక ప్రశ్న. లాటరీ చీటి కొన్నవాడు తన యిష్టముతో కొనెను. ఆ కప్పుమీద తన బొమ్మ నడుగలేదు. ఈ భేదము మన పెద్దల కెరుకయే. హరికథ జరుగుచుండగా చదివింపులు వచ్చును. ఫలానా వీధి ఫలానా వారు పదునారు రూపాయలు చదివించిరని దాసుగా రొక్కమాటు పలికి, దీవించి, విడిచిన చోటనే కథ నందుకొందురు. ఊరివారెవ్వరును దానిని తప్పు పట్టలేదు. పదునారు రూపాయ లిచ్చినంతమాత్రమున రుక్మిణి వేసికొన్న నగలు తన యంగడివే యని చెప్పింపవలెనని ఏ శెట్టిగారును అడుగలేదు. అడిగినచో దాసుగారు చిడతలు క్రింద బెట్టియుందురు. వేసవిలో చలివేంద్రము పెట్టిన ధర్మాత్ముని పేరు పందిరిపై నుండును. అందుచేత నీరు ఉప్పన కాదు. దాత పేరు చదువుటకును, దాత చేతికి కథ నిచ్చుటకును గల యెడమే మేము కోరు హద్దు.

ప్రజాధన మైనంతమాత్రమున తెర పవిత్రము కాదు. మన దేశమున ప్రజాధనమనగా పాలకుని ధనమని తలచు జబ్బొకటి కలదు. ప్రభుత్వ ప్రకటనలలో రాష్ట్రపతి, ప్రధానమంత్రి, సుప్రీముకోర్టు ప్రధాన న్యాయమూర్తి తప్ప నితరుల ఛాయాపటములు కూడవని సుప్రీముకోర్టు 2015లో తీర్పు చెప్పెను. సంవత్సరము తిరుగకముందే, 2016 మార్చిలో, ముఖ్యమంత్రులకును గవర్నరులకును మంత్రులకును ఆ తలుపు తిరిగి తెరువబడెను. వర్తకుని తరిమి ఆ చోట మంత్రిని కూర్చుండబెట్టినచో దారిన బోవువాని చూపు కేమి విముక్తి? కావున సొమ్ము సంఘము పెట్టినను, తెరమీద నేమి వేయవలెనో నిర్ణయించుట సంఘాధ్యక్షుని చేతిలో నుండరాదు. ఉపాధ్యాయులు, వైద్యులు, గ్రంథాలయములు నడుపువారు, ఆ కూడలిలో పండ్లబండి పెట్టుకొన్నవారు—ఇట్టివారి చేతులలో నుండవలెను.

ఇంతకును ఈ తెరలు రేయింబవళ్లు వెలుగవలెనను నియమ మెవరు పెట్టిరి? నగరమంతయు కలసి చూడదగిన ఘట్టములు ఏటికెన్ని వచ్చును? వరద హెచ్చరికలు, ఎన్నికల ఫలితములు, ఒక మంచి నాటకము, ఒక యాట. ఎంత యుదారముగా లెక్కించినను దినమునకు రెండుగంటలు నిండవు. తక్కిన యిరువదిరెండు గంటలు ఖాళీగా నుండుటను చూడలేకయే మనము ప్రకటనలను పిలుచుచున్నాము. ఖాళీ కాలమును ఆర్పివేసినచో విద్యుత్తు ఖర్చు తగ్గును, వ్యయము తగ్గును, ప్రకటనల యవసరమును చాలవరకు తగ్గును. ఆరియున్న తెరను చూచి సొమ్ము వృథా యగుచున్నదనువారు, ఊరి రచ్చబండ ఖాళీగా నున్నప్పుడు దానిని బాడుగ కిచ్చిరా యని తమ తాతలను దలచి చూడవలెను.

2011 ఏప్రిల్ 2వ తేదీ రాత్రి, మన క్రికెట్ జట్టు బొంబాయిలో శ్రీలంకతో ప్రపంచకప్పు కడపటి యాట యాడుచుండగా, మా వీధి కుఱ్ఱవాండ్రు ఇంటింట చందా వసూలు చేసి, వెదురు గుంజలు రెండు నాటి, తెల్లని గుడ్డ గట్టి, అద్దె యంత్రముతో ఆటను చూపిరి. మూలనున్న కిరాణా అంగడివా రెక్కువ మొత్త మిచ్చిరి. గుడ్డ యంచున బొగ్గుతో వారి పేరు వ్రాయబడెను. ఇన్నాళ్లు పలుకరించుకొనని రెండిండ్ల ఆడువారు ఒకే చాపపై గూర్చుండిరి. ఆట నడుమ వ్యాపార ప్రకటనలు రాలేదా యందురేమో, వచ్చినవి. వచ్చినప్పుడెల్ల ఒక కుఱ్ఱవాడు యంత్రమునకు చేయి యడ్డము పెట్టెను, అతని వ్రేళ్ల నీడను చూచి పిల్లలు నవ్విరి. తెల్లవారునప్పటికి గుడ్డ లేదు. గుంజలు నాటిన గుంటలు రెండు మాత్రము వీధిలో మిగిలియుండెను.