ఎంత మిగిలింది?

కొండను తవ్వి ఎలుకను పట్టాడని ఎదుటివాళ్ల పనిని వేళాకోళం చెయ్యడం మనకు బాగా అలవాటు. ఆ మాట అనేటప్పుడు అందరమూ ఎలుక వంకే చూస్తాం. తవ్వినంతసేపూ తవ్వినవాడి ప్రాణానికి ఎలా ఉండిందో ఎవరమూ అడగం. అడగవలసిన మాట అదేనేమోనని నాకీమధ్య అనిపిస్తోంది.

వేంపల్లెలో నేనెరిగిన ఒక ఇంట్లో ఇంజనీరింగు చదివే అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడల్లా ఇలాంటి కొండనే తవ్వుతుంటాడు. అతనికి గిటారు పిచ్చి. గిటారుకు తగిలించే పెడల్ సొంతంగా తయారు చేస్తాడు. పెడల్ అంటే సైకిలుది కాదు లెండి. గిటారుకూ స్పీకరుకూ మధ్య నేలమీద పెట్టుకునే చిన్న పెట్టె. కాలితో నొక్కితే గిటారు గొంతు మారిపోతుంది. ఒక పెట్టె గరగరమనిపిస్తుంది, ఒకటి ప్రతిధ్వని తెస్తుంది, మరొకటి స్వరాన్ని వణికిస్తుంది.

గరగరల పెట్టె విప్పి చూస్తే, ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, తిప్పే మరలు రెండు, 9 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటే ఒక పెట్టె తయారు. తీగ మీటినప్పుడు పుట్టే సన్నని కరెంటును ఆ ట్రాన్సిస్టర్లు పట్టలేనంతగా పెంచుతాయి. పొంగే పాలకు పైన పళ్లెం అడ్డం పెట్టినట్టు అలల తలలు నొక్కుకుపోతాయి. గరగర అంటే అదే.

ఇంత చిన్నదానికి పడే అగచాట్లు మాత్రం ఇన్నీ అన్నీ కావు. సామాను కడపలో దొరక్కపోతే హైదరాబాదు కోఠీనుంచో, చెన్నై రిచీ స్ట్రీటునుంచో తెప్పించుకోవాలి. సోల్డరింగు పెట్టిన చోట పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, లోపల అతుక్కోదు. ట్రాన్సిస్టరుకు మూడు కాళ్లు. వాటిలో ఏవి తారుమారైనా పెట్టె మౌనవ్రతం పట్టవచ్చు. అన్నీ కుదిరాయనుకుంటే ఇంటి కరెంటు గుయ్‌మంటూ పాటలో దూరుతుంది. దాన్ని ఆపడానికి చుట్టూ లోహపు పెట్టె కావాలి. అలా ఆ ఇంటి పాత అల్యూమినియం టిఫిను డబ్బాకు చిల్లులు పడ్డాయి! పాతకాలపు జెర్మేనియం ట్రాన్సిస్టరైతే వేడికి తట్టుకోలేదు. తెల్లవారుజామున ఒకలా పలికి, ఎండాకాలం మధ్యాహ్నం మరోలా పలుకుతుంది. మా సీమ ఎండకు మనుషుల గొంతులే మారిపోతాయి, గోరంత ట్రాన్సిస్టరెంత!

వాళ్లమ్మ చూసి చూసి ఒకరోజు అడిగింది.

"ఏంరా అబ్బీ, అంగట్లో కొంటే పోయేదానికి ఈ తిప్పలేంది?"

"సొంతంగా చేసుకుంటే డబ్బు మిగుల్తాదిమా."

ఆవిడ ఇంటిలెక్కలు రాసే మనిషి. సోల్డరింగు ఐరనూ, కాలిపోయిన ట్రాన్సిస్టర్లూ, పార్సిలు ఖర్చులూ కూడి చూపించింది. కొన్నదానికంటే ఎక్కువే తేలింది. అబ్బాయి కాసేపు తల గోక్కుని, "మరి నువ్వు అల్లేదానికి ఎంత మిగుల్తాదిమా?" అన్నాడు. చేతిలో సగం అల్లిన లేసు ఉంది. "మిగుల్తుంది" అనబోయి ఆవిడ ఆగిపోయింది.

చూశారా, ఇద్దరిదీ ఒకే అబద్ధం! ఆ మాటకొస్తే మనందరిదీ అదే. దారం ఖరీదూ, కళ్లమంటా లెక్కేస్తే లేసు బజారులోనే చవక. అయినా ఎవరైనా అడిగితే పొదుపు పేరే చెబుతాం. "నాకిష్టం, అందుకని అల్లుతున్నాను" అనడానికి నోరు రాదు. పొదుపు ధర్మంలోకి వస్తుంది, సంతోషం సోమరితనం కిందికి వస్తుందని మనకెవరో చిన్నప్పుడే నూరిపోశారు. మగపిల్లవాడికి ఆ సంకోచం నాలుగురోజులుంటుంది. ఆడదానికి జన్మంతా ఉంటుంది.

ఇంతకీ ఆ కుర్రవాడికి దక్కేదేమిటి? మోత ఒక్కటే కాదు. కొన్న వస్తువు మూగబోతే అంగడివాణ్ణి తిట్టుకుంటాం. చేసుకున్నది మూగబోతే తిట్టడానికి ఎవరూ ఉండరు. బ్యాటరీ చూడాలి, తీగ చూడాలి, అతుకులు ఒక్కొక్కటీ చూడాలి. కోప్పడితే ట్రాన్సిస్టరు పలకదు. కోపం లేకుండా తప్పు వెతకడం ఎంత గొప్ప విద్యో, సంసారం చేసే మనకు వేరే చెప్పాలా?

ఇంకో సంగతి. వెతగ్గా వెతగ్గా దొరికిన తప్పు ఒక్కోసారి తప్పే కాకపోవచ్చు. ఈ గరగరల పెట్టె పుట్టిందే అలా. 1961లో అమెరికాలో మార్టీ రాబిన్స్ పాట ఒకటి వచ్చింది. నాష్‌విల్‌లో అది రికార్డు చేసేటప్పుడు యంత్రంలో ఏదో చెడి, గ్రేడీ మార్టిన్ వాయించిన గిటారు బొంగురుపోయింది. చెరిపెయ్యకుండా అలాగే ఉంచేశారు. జనానికి నచ్చింది. రికార్డు చేసిన ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ బొంగురునే కావాలని పుట్టించే పరికరం తయారు చేశాడు. 1962లో గిబ్సన్ కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. మన తంబురా సంగతి మాత్రం? బ్రిడ్జిమీద తీగకింద చిన్న దారప్పోగు పెడితేనే ఆ జుమ్మనే నాదం వచ్చేది. ఆ దారాన్ని మనవాళ్లు ఏమన్నారు? జీవ అన్నారు.

అయితే ఒక్కమాట అడగక తప్పదు. అబ్బాయి గదిలో తలుపేసుకుని సోల్డరింగు పెడుతుంటే, వంటింట్లో అన్నం ఎవరు వండుతున్నారు? ఒకరు సంతోషంగా గడిపిన గంట ఇంట్లో మరొకరు అరువిచ్చినదే. తీసుకున్నవాడు తీర్చాలి కదా! అబ్బాయికి ఐరన్ కొనిచ్చిన ఇంట్లోనే అమ్మాయి అడిగితే "చెయ్యి కాలుతుంది" అంటాం. పొయ్యిదగ్గర కాలని చెయ్యా అది? వేంపల్లె పక్కనే ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పల్లెల్లోంచి వచ్చిన ఆడపిల్లలు అక్కడ ఎలక్ట్రానిక్సు చదువుతున్నారు. వాళ్లు పరీక్షకోసం సోల్డరింగు పెడితే మెచ్చుకుంటాం. సరదాకి పెడితే కూడా మెచ్చుకోగలమా?

ఇష్టమైన పనికి లాభం చూపించనక్కర్లేదనే నా వాదన. పక్కవాళ్ల గంట ఎగ్గొట్టకుండా ఉంటే చాలు. ఈసారి మీరు సూదీదారం పట్టుకున్నప్పుడో, పక్కింటమ్మాయి ట్రాన్సిస్టర్ల డబ్బా విప్పినప్పుడో, దీనివల్ల ఎంత మిగిలిందని ఎవరైనా అడిగితే పద్దుపుస్తకం తియ్యకండి. నాకిష్టమని చెప్పండి. చెప్పి, అడిగినవాళ్లను కాసేపు అన్నం వార్చమనండి.