చప్పుడు చెయ్యని బండి

నేను బి.ఏ.లో చదివింది తెలుగు సాహిత్యం. యంత్రాలతో నా పరిచయం మిక్సీ దగ్గర మొదలై మిక్సీ దగ్గరే ఆగిపోయింది. అది మొరాయిస్తే మొదట తట్టడం, తర్వాత తిట్టడం, ఆఖరికి మావారిని పిలవడం - ఇదీ నాకు తెలిసిన మరమ్మతు. అలాంటిదాన్ని లారీ ఇంజను గురించి రాస్తానంటే నవ్వొస్తుంది మీకు. నవ్వండి, ఫరవాలేదు. కానీ చివరిదాకా చదివి నవ్వండి. ఎందుకంటే ఈ కథలో దోషిని నేనే.

తెనాలి దగ్గర పల్లెలో మా బాబాయికి పాతికేళ్ళు దాటిన లారీ ఒకటుంది. కొన్న రోజునుంచీ దానికి డ్రైవరు ఒక్కడే. అరవై దగ్గర పడ్డ మనిషి. మా పిల్లలు 'లారీ తాతయ్య' అంటారు. మొన్న దసరా సెలవుల్లో మేం తెనాలినుంచి విజయవాడకి కాపురం మార్చినప్పుడు సామానంతా ఆ లారీలోనే వచ్చింది. నా పింగాణీ సామాను మీద ప్రేమకొద్దీ నేనూ ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. దారిపొడుగునా ఇంజనులోంచి ఒకటే టిక్కు టిక్కు.

"ఏమిటీ చప్పుడు? కుట్టుమిషను మీద కూర్చున్నట్టుంది" అన్నాను.

"ట్యాపెట్లమ్మాయిగారూ. పాత బండి కదా, ఆ మాత్రం మాట్లాడుతూంటేనే మంచిది" అన్నాడతను.

నాకు నవ్వొచ్చింది. ఇల్లు చేరగానే బాబాయికి ఫోన్ చేసి, "బండి పాడైపోతోంది బాబాయ్, ఆ చప్పుడేదో చూపించరాదూ?" అన్నాను. చదువుకున్న అమ్మాయి మాట కదా! వారం తిరక్కుండా ఊళ్ళో ఓ కుర్ర మెకానిక్ చేత ట్యాపెట్లు బిగించేశారు. "ఇప్పుడు వెన్నపూసలా ఉందే!" అని బాబాయి మురిసిపోతూ చెప్పాడు. నేనూ మురిసిపోయాను.

డిసెంబరులో వడ్ల లోళ్ళు మొదలయ్యాయి. అప్పుడు బయటపడింది జబ్బు. రోడ్డుమీద వేగం అందుకుంటే బాగానే పోతుంది. కాలవ వంతెన దగ్గర నెమ్మదించి, ఫస్టు గేర్లో ఎత్తు ఎక్కాలంటే మాత్రం ఆయాసం! సగంలో ఆగిపోయేది. క్లీనరు దిగి చక్రాలకి రాళ్ళు పెట్టేవాడట. బాబాయి ఓ రోజు పొద్దున్నే, ఖాళీ బండిని తనే నడిపి చూశాడు. నిక్షేపంలా ఉంది. ఇంకేం, తీర్పు సిద్ధం. "బండికేం లేదు. వాడి కాళ్ళలోనే పస తగ్గింది. క్లచ్చి మీద కాలేసుక్కూర్చుంటున్నాడు. సంక్రాంతి వెళ్ళాక ఇంకొకణ్ణి చూడాలి" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "అవును పాపం, వయసైపోయింది కదా" అన్నాను. ఎంత సులువుగా అనేశానో! 'పాపం' అన్న మాట చేర్చాను కాబట్టి దయగా మాట్లాడాననే అనుకున్నాను కూడా.

అడ్డుపడింది మా పిన్ని. "పాతికేళ్ళ మనిషిని పంపించేముందు పాతికేళ్ళ బండిని ఓ మంచి మేస్త్రీకి చూపించండి" అంది. అలా ఆ లారీ విజయవాడ ఆటోనగర్‌కి వచ్చింది. క్యారియర్లో భోజనాలు పట్టుకుని నేనూ వెళ్ళాను.

ఆ మేస్త్రీ రాగానే బానెట్ ఎత్తలేదు. లోడుతోనే తెమ్మన్నాడు కాబట్టి వడ్ల బస్తాలు అలాగే ఉన్నాయి. డ్రైవరు పక్కన కూర్చుని, ఇంజను బాగా వేడెక్కేదాకా తిప్పించుకొచ్చాడు. దిగి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. బ్రేకులు పట్టేస్తూంటే అక్కడ కాలిపోతూండాలట. అలా లేదు. క్లచ్చి జారుతూంటే ఇంజను హోరు పెరుగుతుంది గానీ బండి కదలదట. అదీ కాదు. గాలి ఫిల్టరు విప్పి వెలుతురుకి పట్టి చూశాడు. డీజిలు ఫిల్టరు చూశాడు. పొగ రంగు చూశాడు. నల్లగా వస్తే గాలి చాలడం లేదనీ, నీలంగా వస్తే ఆయిలు కాలుతోందనీ, తెల్లగా వస్తే డీజిలు సరిగ్గా మండడం లేదనీ క్లీనరు కుర్రాడికి చెబుతున్నాడు. ఖర్చులేనివన్నీ ముందు చూశాడన్నమాట. అప్పుడడిగాడు:

"ఈ జబ్బు మొదలుకాకముందు ఆఖరిసారి ఈ బండికి ఏం చేశారు?"

బాబాయి ఆలోచిస్తున్నాడు. డ్రైవరు నేలచూపులు చూస్తున్నాడు. నా చేతిలో క్యారియరు ఒక్కసారి బరువెక్కింది. "ట్యాపెట్లు బిగించారు" అన్నాను.

మేస్త్రీ చెప్పింది నాకర్థమైనంతలో మీకు చెబుతాను. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజనులోనూ, మా బాబాయి లారీలోనూ కీలకం ఒక్కటే: నిప్పురవ్వ అక్కర్లేదు. లోపలికి పీల్చిన గాలిని సుమారు పదిహేడో వంతుకి నొక్కేస్తే ఆ వేడికే డీజిలు అంటుకుంటుంది. అంచేత నొక్కిన గాలి బయటికి పోకూడదు. దాన్ని కాపాడే తలుపులు వాల్వులు. వేడెక్కితే ఇనుము సాగుతుంది కదా, అందుకని వాల్వుకీ దాన్ని తొక్కే మీటకీ మధ్య సన్నటి సందు వదులుతారు. అర మిల్లీమీటరైనా ఉండదు. నేను విన్న టిక్కు టిక్కు ఆ సందులోదే. సందు లేకుండా బిగిస్తే చప్పుడు పోతుంది. కానీ వేడెక్కి సాగిన వాల్వుకి పూర్తిగా మూసుకునే చోటుండదు. ఊపిరి జారిపోతుంది.

మరి వేగంగా వెళ్ళేటప్పుడు బాగానే ఉంటుందేం? ఇంజను నిమిషానికి 600 సార్లు తిరుగుతూంటే గాలిని ఒకసారి నొక్కడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. 2,400 సార్లు తిరుగుతూంటే ఎనభయ్యో వంతే. జారిపోవడానికి గాలికి వ్యవధి ఉండదు. పరుగులో లోపం కనబడదు. బరువు మోస్తూ నెమ్మదిగా ఎక్కాల్సినచోటే కనబడుతుంది. పొద్దుటిపూట, చల్లటి ఇంజనుతో, ఖాళీ బండిని నడిపిన బాబాయికి ఎలా కనబడుతుంది?

ఒక్క సామానూ మార్చలేదు మేస్త్రీ. ఇంజను చల్లారనిచ్చి, సన్నటి ఉక్కు రేకుని సందులో పెట్టి, అది పట్టీ పట్టనట్టు కదిలేలా ఒక్కొక్కటే సరిచేశాడు. సందు మరీ ఎక్కువైనా తప్పేనట, అరుగుదల వస్తుందట. "ఇంకొన్నాళ్ళిలాగే తిప్పుంటే వాల్వులు కాలిపోయేవి" అన్నాడు.

బాబాయి ఏమీ అనలేదు. డ్రైవరుకి తనే విస్తరి వేసి వడ్డించాడు. మగవాళ్ళ క్షమాపణలు అలాగే ఉంటాయేమో. నేనుమాత్రం ఉండబట్టలేక, "ముందే చెప్పొచ్చు కదా?" అన్నాను.

"బిగించేటప్పుడే చెప్పానమ్మాయిగారూ. ఆ కుర్రాడికి తెలుసా నీకు తెలుసా అన్నారు అయ్యగారు. మళ్ళీ చెబితే మీమీద నేరం మోపినట్టుంటుందని ఊరుకున్నాను" అన్నాడు.

అన్నం మెతుకు గొంతు దిగలేదు నాకు.

మనిషి తడబడగానే లోపం ఆ మనిషిలోనే ఉందనుకోవడం మనకెంత అలవాటో! వయసన్నాం, బద్ధకమన్నాం, స్వభావమన్నాం. 'అంతకుముందు మనమేం చేశాం' అన్న ప్రశ్న మాత్రం ఆఖరికి కూడా రాదు. పైగా, చప్పుడు లేకపోతే అంతా బాగున్నట్టే లెక్క.

ఇంటికొస్తూంటే మా అత్తగారు గుర్తొచ్చారు. ఒకప్పుడు ఆవిడ కూరలో ఉప్పు దగ్గర్నుంచి పనిమనిషి నాగాలదాకా గొణుగుతూండేవారు. "మీకెందుకత్తయ్యా, ఊరుకోండి" అని అందరం అన్నాం. ఊరుకున్నారు. ఈమధ్య ఆవిడ దేనిమీదా ఆసక్తి లేకుండా కిటికీ దగ్గర కూర్చుంటూంటే, "పెద్దతనం" అని చుట్టాలతో చెబుతున్నాను. వెన్నపూసలా ఉందని మురిసిపోయాను కాబోలు ఇన్నాళ్ళూ. గొణుగుడంతా మంచిదని నేననను. మేస్త్రీ కూడా సందుని కొలిచే పెట్టాడు. నేను కొలవలేదు, బిగించేశానంతే.

మర్నాడు పొద్దున్న కాఫీ ఇచ్చి, వంటింట్లోకి వెళ్ళిపోకుండా పక్కనే కూర్చున్నాను. "ఎలా ఉందత్తయ్యా?" అన్నాను. ఆవిడ నావంక కాస్త అనుమానంగా చూసి, "బాగానే ఉంది" అన్నారు. నేను లేవలేదు. కాసేపటికి గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా, "డికాషను పల్చన" అన్నారు.