పంట పోయిన యేట కోతపండుగ



కొన్ని యేండ్ల క్రిందట మా సంఘములో ఒక చిక్కు ప్రశ్న పుట్టెను. వరి పండి, ఇక పది దినములలో కొడవలి పెట్టుదుమనగా వాయుగుండము పట్టి మూడు దినములు విడువక వాన కురిసెను. చేలు నేలకొరిగెను. నీళ్లలో నానిన వెన్నులకు మొలకలు వచ్చెను. అప్పటికి కోతపండుగ ఆదివారము మూడు వారములే యున్నది.

ఆరాధన ముగిసిన తరువాత సంఘపెద్దలు కూడుకొనిరి. "ఈ యేడు పండుగ మానుకొందము. ఏమి పండినదని స్తుతింతుము?" అని కొందరనిరి. "మానితే దీవెన తప్పిపోవును. అప్పు చేసియైనను కానుక తేవలెను" అని మరికొందరనిరి. మాట పెరిగెను. అప్పుడు గోడప్రక్కను చాపమీద కూర్చున్న ఒక ముసలితల్లి, బ్రతుకంతయు కూలిపనితో గడిపినది, మెల్లగా ఇట్లనెను: "మాకు ఏనాడూ చేనే లేదు గదా అయ్యా. అయినా ఏటేటా పండక్కి వస్తానే ఉన్నాం. మరి ఇన్నాళ్లూ మేం ఎందుకొచ్చినట్టు?"

ఎవరును బదులు చెప్పలేకపోయిరి. అయ్యగారు ప్రార్థన చేసి, "ఈ మూడు మాటలను మనసులో పెట్టుకొని ఇంటింట వాక్యము చదువుడి. వచ్చే ఆదివారము మరల కూడుకొందము" అని సెలవిచ్చిరి.

మనము బైబిలు తెరచునప్పుడు సాధారణముగా ఒక వాగ్దానము దొరకునా అని చూతుము. దొరికిన వచనమును గోడకు తగిలించి తృప్తిపడుదుము. ఆ వారము మాత్రము మేము ఒక ప్రశ్నను చేతపట్టుకొని చదివితిమి. చదువు రానివారికి పిల్లలు చదివి వినిపించిరి. తెలిసిన వాక్యభాగములే మాకు క్రొత్తగా కనబడెను.

మొదటి మాట: పండనప్పుడు స్తుతి యెందుకు? దీనికి అపొస్తలుల కార్యముల గ్రంథము 27వ అధ్యాయములో జవాబు దొరికెను. పౌలు ఎక్కిన ఓడ తుపానులో చిక్కి పదునాలుగవ రాత్రికి వచ్చినది. అందులో 276 మంది ఉండిరి. ప్రాణములు దక్కునని, అయితే ఓడ పోవునని పౌలు ఎరుగును. తెల్లవారుచుండగా అతడు అందరిని భోజనము చేయుమని బతిమాలి, రొట్టె పట్టుకొని, వారందరి యెదుట దేవుని స్తుతించి, విరిచి తినెను. అది చూచి తక్కినవారు ధైర్యము తెచ్చుకొని తినిరి. తిన్న తరువాత ఓడలోని గోధుమలను సముద్రములో పారబోసిరి. పిమ్మట ఓడయు బద్దలాయెను గాని మనుష్యులందరు దరి చేరిరి. పౌలు తుపానుకొరకు స్తుతించలేదు. దరి చేరిన తరువాత స్తుతింతునని ఊరకుండలేదు. చేతిలోనున్న రొట్టెకొరకు, ఇచ్చిన దేవుని ఎరిగినవాడై, స్తుతించెను.

కృతజ్ఞత అనగా దుఃఖమును దాచుకొనుట కాదు. హబక్కూకు ప్రవక్త తన గ్రంథము చివర స్తుతించుటకు ముందు ఆరు నష్టములను వరుసగా లెక్కపెట్టెను: అంజూరపు చెట్టు, ద్రాక్ష, ఒలీవ, చేను, గొఱ్ఱెలదొడ్డి, పశువులశాల. ఒక్కదానిని విడువలేదు. నష్టము నష్టమే అని దేవుని యెదుట ఒప్పుకొని, అటుతరువాతనే ఆయనయందు ఆనందింతుననెను. కావున పంట పోయినవాడు గుడిలో కన్నీరు కార్చినయెడల అది అవిశ్వాసమని మనము ఎంచరాదు. "దేవుడు మేలుకే చేసెను" అని తొందరపడి అతని నోరు మూయరాదు. మొదట అతని ప్రక్కను కూర్చుండవలెను.

రెండవ మాట: అప్పు చేసియైనను కానుక తేవలెనా? ఇందులో భక్తి కలదు గాని భయము కూడ కలదు. దేవునికి బాకీ తీర్చనియెడల వచ్చే యేడు ఆయన పట్టుకొనునని భావము. 50వ కీర్తన ఈ తలంపును గద్దించుచున్నది. అడవి మృగములును కొండలమీది పశువులును తనవేయని, తనకు ఆకలి వేసినను మనతో చెప్పనని దేవుడు అందులో పలుకుచున్నాడు. స్తుతి ఆయన ఆకలి తీర్చు కూడు కాదు, మనము పొందిన మేలుకు వెలయు కాదు.

మన దేశపు సంఘ చరిత్రలో దీనికి ఒక సాక్ష్యము కలదు. 1876 నుండి 1878 వరకు వచ్చిన ధాత కరవులో ఒంగోలు ప్రాంతపు పేదలు తిండిలేక చచ్చుచుండిరి. అక్కడి బాప్టిస్టు మిషనెరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వించు పనిని ఒప్పుకొని వేలమందికి కూలి దొరకునట్లు చేసెను. అనేకులు బాప్తిస్మము కోరినను, కరవు సహాయము జరుగుచున్నంత కాలము ఆయన ఇయ్యక ఆపెను. తిండికొరకు చేరిరను మాట రాకూడదనియు, మ్రొక్కు కూలికి బదులు కాకూడదనియు ఆయన తలంచెను. తరువాత 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నము పెట్టిన చేయి కృతజ్ఞతను బలవంతముగా వసూలు చేయరాదు. దేవుడును అట్లు వసూలు చేయడు.

మూడవది ఆ తల్లి ప్రశ్న. ఇదే మమ్మును ఎక్కువగా బాధించెను. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములో ప్రథమఫలముల గంప తెచ్చిన రైతు తన పంట ఎంతయో చెప్పడు. తన పితరుడు తిరుగులాడినవాడనియు, తనవారు ఐగుప్తులో వెట్టిచాకిరి చేసిరనియు, దేవుడు విడిపించెననియు చెప్పును. తరువాత లేవీయునితోను పరదేశితోను కలిసి సంతోషింపవలెను. వీరిద్దరికిని ఆ దేశములో స్వాస్థ్యముగా పొలము లేదు. అనగా పొలము లేనివాడు కూడ ఆ పండుగకు హక్కుదారుడే.

అదే గ్రంథము 24వ అధ్యాయములో కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెననియు, చేలో మరచిన పనకొరకు తిరిగి పోరాదనియు ఆజ్ఞ కలదు. నీవును ఐగుప్తులో దాసుడవై యుంటివని జ్ఞాపకము చేసుకొనుమనుటయే దానికి కారణము. ఒకనాడు మనము వట్టిచేతులతో ఉంటిమని జ్ఞాపకముంచుకొనుటే కృతజ్ఞత. ఆ జ్ఞాపకము నిజమైనదైతే మన గుప్పిలి తెరచుకొనును. బోయజు తన పనివారితో, కట్టలలోనుండి కొన్ని పరకలు కావలెననియే జారవిడువుడని చెప్పెను. ఆ సాయంకాలమునకు రూతు ఏరిన పరిగె దుళ్లగొట్టగా సుమారు తూమెడు యవలాయెను. నయోమి యింట పొయ్యి వెలిగెను. ఆ పరిగె ఏరిన స్త్రీ వంశములోనే దావీదు, ఆ వంశములోనే మన ప్రభువు పుట్టిరి.

ఆ ఆదివారము మరల కూడుకొనినప్పుడు పెద్దలు ఆ తల్లిని ముందుగా క్షమాపణ అడిగిరి. ఇన్నాళ్లు ఆమె మా పండుగకు వచ్చినదని అనుకొంటిమి గాని, పండుగ ఆమెది కూడనని ఎంచలేదు. పండుగ జరిగినది. ఎవరును అప్పు చేయలేదు. కొందరు మొలకెత్తిన వెన్నులనే తెచ్చి బల్లయొద్ద పెట్టి ఏడ్చిరి. ఆ తల్లి తన గుడిసె మీది పాదునుండి ఒక సొరకాయ తెచ్చెను. ఏటేటను చేయునట్లు కానుకలను వేలము వేయక, పని దొరకని కుటుంబములకు పంచితిమి.

నేడు అనేక గ్రామములలో కోతయంత్రములు వచ్చినవి. పరిగె ఏరుకొనుటకు మిగులునది తక్కువ. అయినను విడిచిపెట్టవలసిన అంచులు మన బ్రతుకులో ఇంకను కలవు. ఈ నెల ప్రతి యింట మూడు పనులు చేయవలెనని కోరుచున్నాము. పని చేయించుకొనినవారు కూలిని రేపటికి వాయిదా వేయకుండుడి. పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు పిడికెడు బియ్యము ప్రక్కన పెట్టి వారాంతమున అవసరమున్న యింటికి చేర్చుడి. కూలిబ్రతుకు గల యిండ్లవారికి మేము చెప్పునది ఒక్కటే: మీరు గుడిలో వెనుకను కూర్చుండకుడి. మూడవది, రాత్రి వాక్యము చదివి మూయుటకుముందు, ఆ దినము ఎవరి చేతిమీదుగా మేలు పొందితిమో వారి పేరు పలికి దేవుని స్తుతించుడి. మొదట కొంత సంకోచముగా నుండును. పిల్లలు త్వరగా నేర్చుకొందురు.

పండిన యేటను పండని యేటను మన పితరుల దేవుడు మనలను మరువలేదు. మనము ఒకరినొకరు మరువకుండునట్లు ఆయన తన వాక్యముచేత మనకు నేర్పును గాక. ఆమేన్.