సముద్రపు విశ్రాంతి, బీదల ఆకలి

ధ్యానమునకు: నిర్గమకాండము 23:10-11, యోహాను 21:1-14



మేము కాపురమున్న గ్రామము సముద్రమునకు దూరముగా నున్నది. అయినను వారమునకు రెండుమారులు ఒక తల్లి తీరపు పల్లెనుండి బస్సులో వచ్చి, చేపల గంప నెత్తిన పెట్టుకొని మా వీధులలో తిరుగుచుండును. 2025 మే నెలలో ఆమె పచ్చి చేపలు తేలేదు. ఎండు నెత్తళ్లు మాత్రమే తెచ్చెను. ధర ఎక్కువగా తోచి మేము బేరమాడితిమి. ఆమె గంప దించి, "వేట ఆపేశారు గదా అయ్యగారూ. సముద్రానికి సెలవిచ్చారు. మా పిల్లల కడుపులకి సెలవెవరిస్తారు?" అని అడిగెను. పిదప మేము చెప్పిన ధరకే ఇచ్చి వెళ్లిపోయెను. ఆనాటి కూర మాకు రుచింపలేదు. బీదవాని జీవనమును కొంతకాలము ఆపుట న్యాయమా? న్యాయమైనయెడల ఆ భారమును ఎవరు మోయవలెను? ఈ ప్రశ్నను మీతో కలిసి ఆలోచింప గోరుచున్నాము.

మన తూర్పు తీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, అనగా 61 దినములు, యంత్రపు పడవలపై వేట నిషేధింపబడుచున్నది. పూర్వము ఇది 47 దినములే. 2015లో 61 దినములకు పెంచిరి. తెడ్డుతోను తెరచాపతోను నడుచు నాటు పడవలకు ఈ ఆజ్ఞ లేదు గాని, నేడు తీరములో అనేకుల చిన్న పడవలకు సహితము యంత్రమున్నది. ఈ కాలములో అనేక జాతుల చేపలును రొయ్యలును గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లతోనున్న తల్లిచేపను పట్టినయెడల రాబోవు సంతానమంతయు దానితోకూడ వలలో పోవును. సేద్యము చేయు మనకు ఇది తెలియనిది కాదు. విత్తనపు గింజలు వండుకొని తినిన యింట మరుసటి యేడు పంట ఎక్కడిది?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షిగూటిని గూర్చిన చిన్న ఆజ్ఞ యొకటి కలదు. పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెనని దేవుడు చెప్పెను. ఆహారము తీసికొనుటకు మనకు సెలవున్నది. దానిని పుట్టించు మూలమును తెంచుటకు సెలవు లేదు. కావున సముద్రమునకు విశ్రాంతినిచ్చుట మంచిదే. అది రేపు పుట్టబోవు జాలరి బిడ్డకును అన్నము పెట్టును.

హద్దు లేనప్పుడు ఏమగునో విశాఖపట్నములో చూచితిమి. రింగు వల యనునది చేపల గుంపును చుట్టుముట్టి, అడుగున బిగించి, ఒక్కమారుగా పైకి తీయు పెద్ద వల. దాని కన్నులు చిన్నవైనయెడల పెద్ద చేపలతోపాటు పిల్లలును వచ్చును. ఈ వలల విషయమై 2022 జనవరిలో అక్కడి మత్స్యకారుల మధ్యనే తగవు రేగి పడవలు తగులబడినవి. ఇరువైపులవారును వల మీద బ్రదుకువారే. అబ్రాము కాపరులకును లోతు కాపరులకును కలిగిన జగడము మీకు జ్ఞాపకమున్నది గదా. ఆ దేశము ఇరువురికిని చాలకపోయినప్పుడు పెద్దవాడైన అబ్రాము చిన్నవానికి ముందుగా కోరుకొను అవకాశమిచ్చెను. చాలనిచోట బలముగలవాడు మొదట వెనుకకు తగ్గవలెను. తీరమునకు దగ్గరి నీటిని చిన్న పడవలకు ప్రత్యేకించు ఏర్పాటు మన రాష్ట్రములో 1994 నాటి చట్టముక్రింద ఉన్నది. పెద్ద పడవలు ఆ హద్దు దాటి లోపలికి వచ్చుచుండగా, చిన్నవానికి మాత్రము సముద్రమును కాపాడుమని బోధించుట వేషధారణయే.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వచ్చెదము. ఏడవ యేట భూమిని బీడుగా విడువవలెనని నిర్గమకాండము ఆజ్ఞాపించుచున్నది. ఎందునిమిత్తము? ప్రజలలోని బీదలు తినునట్లు. భూమి విశ్రాంతియు బీదల భోజనమును అక్కడ ఒక్క ఆజ్ఞలోనే యున్నవి. మొదటిదానిని గైకొని రెండవదానిని విడిచినయెడల మనము ఆజ్ఞను సగమే నెరవేర్చినవారమగుదుము.

ప్రభుత్వము ఈ సంగతిని బొత్తిగా మరువలేదు. వేట నిషేధ కాలమునకు ఒక్కొక్క మత్స్యకారునికి 2019లో 10,000 రూపాయలును, 2025లో 20,000 రూపాయలును ఇచ్చెను. ఇది మెచ్చదగిన పని. అయితే ఇది పడవనెక్కి వేటకు పోవువారిని లెక్కించి ఇచ్చు సాయము. గంప మోయు స్త్రీయు, ఇసుకమీద చేపలు ఎండబెట్టు విధవరాలును ఆ లెక్కలోనికి రారు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థలోని దేశములు 2014లో చిన్న మత్స్యకారుల నిమిత్తము కొన్ని సూత్రములను అంగీకరించినవి. సముద్రమును కాపాడుటయు, వేటాడువారి హక్కును, చేపలు అమ్ము స్త్రీల శ్రమను గౌరవించుటయు వాటిలో కలిసియున్నవి. ఆ సంస్థ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము లోకమందు పట్టబడు చేపలలో కనీసము నూటికి 40 పాళ్లు ఇట్టి చిన్నవారి చేతులనుండియే వచ్చుచున్నవి.

"మేము పొలము పనివారము, ఇది మాకేల?" అని కొందరు అడుగవచ్చును. జూన్ తరువాత వలలు నిండినప్పుడు ఆ మేలు మన కంచములోనికి వచ్చుచున్నది గదా! విశ్రాంతి ఫలమును తినువారు ఆ విశ్రాంతి కాలపు ఉపవాసమును తీరవాసులకే విడిచిపెట్టుట న్యాయము కాదు. మా మనస్సాక్షికి దొరికిన జవాబు ఇదియే.

మనము ధనవంతులము కాము. అయినను మన స్త్రీలు పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడెల్లను ప్రభువు పేరట పిడికెడు బియ్యము తీసిపెట్టుట ఎరుగుదురు. ఆ రెండు నెలల పిడికెడు బియ్యమును, మన యూరికి చేపలు తెచ్చువారి యిండ్లకు, వారు ఏ మతస్థులైనను, పంపవచ్చును. వ్రేలెడు చేపపిల్లలు చవుకగా వచ్చినను కొనకుండవచ్చును. అన్నిటికంటె ముందుగా, గంప దించిన స్త్రీయొద్ద బేరమాడుట మానవచ్చును. పెద్ద అంగడిలో చెప్పిన ధర ఇచ్చి, ఆమెయొద్ద అయిదు రూపాయలకు వాదించు మన అలవాటును ప్రభువు చూచుచున్నాడు.

తిబెరియ సముద్రతీరమున శిష్యులు రాత్రియంతయు శ్రమపడి ఏమియు పట్టలేదు. ఉదయమున ఒడ్డున నిలిచిన యేసు ప్రభువు తినుటకు ఏమైన నున్నదా యని వారిని మొదట అడిగెను. వారు ఒడ్డుకు రాకమునుపే నిప్పులమీద చేపను, రొట్టెను సిద్ధపరచెను. గొఱ్ఱెలను మేపుమని పేతురునకు చెప్పినది భోజనమైన తరువాతనే. ఖాళీ వలలతో నున్నవారిని ఆయన అడిగిన ఆ మాటను మేము ఆ తల్లిని అడుగలేదు. ధర మాత్రమే అడిగితిమి. ఇన్ని సంవత్సరములు ఆమె పేరైనను అడుగలేదు.

జూన్ కడపట ఆమె మరల వచ్చినప్పుడు గంప దించుటకు చేయిచ్చి, పేరడిగి, మా తప్పు ఒప్పుకొంటిమి. ఆమె నవ్వి, "పోనీండి అయ్యగారూ, ఇయ్యాళ కానాగంతలు బాగున్నాయి" అనెను. ఆమె చెప్పిన ధరకే తీసికొంటిమి.

సముద్రమును చేసిన దేవుడు దాని విశ్రాంతిని కాపాడుటకును, ఆ విశ్రాంతిలో ఆకలిగొనువారిని మరువకుండుటకును మన సంఘములకు కృప దయచేయును గాక. ఆమేన్.